వాయిదా పడని తారీఖు

పోయినవారం మీకు చెప్తూ చెప్తూ, మా ఆటో ఆసుపత్రి గేటు ముందు ఆగిన దగ్గర నేనూ ఆపాను. గేటు తియ్యనన్నాడు వాచ్‌మన్. లోపల మంచాల్లేవట. వెనక సీట్లో మా బావ ప్రసన్నకుమార్ మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని, కూతురు స్తుతి ఒళ్లో తల పెట్టుకుని, పళ్లు బిగబట్టి ఉన్నాడు. స్తుతి నాకు మేనకోడలు, డిగ్రీ రెండో ఏడు. దాని తల్లి కరుణమ్మ, అంటే నా చెల్లెలు, నాలుగు రోజులుగా జ్వరంతో గదిలో తలుపేసుకుని పడుకుంది. అందుకని ఆ పొద్దున మా బావ తాలూకు మనుషులమని చెప్పుకోడానికి మిగిలింది మేమిద్దరమే.

"మాది కోవిడ్ కాదయ్యా, పేగు జారిన కేసు" అన్నాను వాచ్‌మన్‌తో.

"ఏదైతే ఏంటి? పడుకోడానికి మంచమేగా కావాల్సింది" అన్నాడు.

అతన్ని తిట్టి లాభం లేదు. గోడ వారగా నీడ ఉన్నంత మేరా జనం కూర్చుని ఉన్నారు. ఒకావిడ తన పైటకొంగుతో మొగుడికి విసురుతోంది. అతను గాలిని ముక్కుతో కాకుండా భుజాలతో పీలుస్తున్నాడు. ఆ ఏప్రిల్ నెలాఖరులో గుంటూరులో ఏ గేటు ముందు చూసినా ఇదే వరస.

ఆటో నడిపింది మా హమాలీ ముఠాలోని అయూబే. మిర్చి యార్డులో పని లేనప్పుడు అతనికి ఆటోనే ఆధారం. కిందికి దిగి వాచ్‌మన్ దగ్గరికి పోయి, "ఒరేయ్ అన్నా, నువ్వు గేటు తియ్యకపోతే తీసుకెళ్లి ఎక్కడ పెట్టమంటావు మనిషిని, నీ కుర్చీలోనా? లే మరి" అన్నాడు. వాచ్‌మన్‌కి నవ్వొచ్చిందో చిరాకేసిందో మాస్కు వెనక కనపడలేదు కానీ, గేటు మాత్రం ఆటో పట్టేంత తెరుచుకుంది.

రేకుల షెడ్డు కింద బల్ల మీద పడుకోబెట్టాం. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ పేరు శ్రీరమ్య. ముప్పై కూడా ఉండవు. కళ్లజోడు మీద ఆవిరి పట్టి, ఆ ఆవిరిలోంచే చూస్తోంది. బావ గజ్జల్లో చెయ్యి పెట్టి నొక్కింది. మిర్చి టిక్కీ అంటే నలభై కిలోలు పైబడ్డ బస్తా. అలాంటివి రోజుకి వందలు ఎత్తి దించిన మనిషి చిన్నపిల్లాడిలా కేకపెట్టాడు.

"ఎప్పట్నుంచి లోపలికి పోవట్లేదు?"

"పొద్దున ఆరింటి నుంచండీ" అన్నాను. "ఇదివరకు పడుకుని తోసుకుంటే పోయేది. ఇవాళ పోలా."

"వాంతులు?"

"రెండయినయ్" అంది స్తుతి. "రెండోది పచ్చగా వచ్చిందండీ."

డాక్టరమ్మ చెయ్యి తీసేసింది. "పేగు ఇరుక్కుపోయింది. రక్తం ఆడట్లేదు. ఇది ఆగే కేసు కాదు."

ఆ మాట వినడానికి మాకు పదమూడు నెలలు పట్టింది.

ఆసుపత్రి వాళ్ల దగ్గర రెండు పుస్తకాలుంటాయి. ఆగేవాళ్లది ఒకటి, ఆగనివాళ్లది ఇంకోటి. వాళ్లు ఇంగ్లీషులో ఏమంటారో ఏమో, మా పేటలో అందరం ఇలాగే అంటాం. మా బావ పదమూడు నెలలూ ఆగేవాళ్ల పుస్తకంలోనే ఉన్నాడు. మొదటి తారీఖు పోయినేడు మార్చిలో ఇచ్చారు, లాక్‌డౌన్‌తో పోయింది. ఆగస్టులో ఇంకోటి ఇచ్చారు. అప్పుడు ఆపరేషన్ థియేటర్ పక్క హాల్లో కూడా కోవిడ్ మంచాలు వేశారు, అదీ పోయింది. ఇంతవరకూ మీకు చెప్పిందే. ఆగమన్నారు కాబట్టి ఆగాడు. ఆగడమంటే ఏ మంచమ్మీదో పడుకుని ఆగడం కాదు. నడుముకి తువ్వాలు చుట్ట చుట్టి, దాన్ని గజ్జల్లో అదిమి, పైన బెల్టు బిగించి, టిక్కీలు మోస్తూ ఆగాడు. మిరపకాయ ఘాటుకి యార్డులో దగ్గని మనిషుండడు. దగ్గినప్పుడల్లా పేగు బయటికి తన్నేది. బస్తాల వెనక్కి పోయి వెల్లకిలా పడుకుని, అరచేత్తో లోపలికి నెట్టుకుని, మళ్లీ వచ్చి వరసలో నిలబడేవాడు. పోను పోను అది కూడా పనిలో ఒక భాగంలా మాకు అలవాటైపోయింది. వాడేడిరా అంటే, సర్దుకోడానికి పోయాడు అనేవాళ్లం. నవ్వుకునేవాళ్లం కూడా.

"ఇప్పుడే చేసేస్తారా అండీ?" అంది స్తుతి.

"నేను రెడీనే. మత్తు డాక్టరుగారు కావాలి. ఉన్నది ఒక్కరే. పైన కోవిడ్ వార్డులో గొట్టాలు వేస్తున్నారు. ఆయన దిగి, ఆ బట్టలు మార్చుకుని, స్నానం చేసి రావాలి. ఈలోపు కోవిడ్ టెస్టు చేసేద్దాం."

"ఎంతసేపు పడుద్దండీ?"

ఆమె మెట్ల వైపు చూసింది. ఆ చూపు చాలు.

టెస్టులో లేదని వచ్చింది. ఆ రోజుకి మాకు దక్కిన మంచి మాట అదొక్కటే. బావని లోపల వరండాలో స్ట్రెచర్ మీదికి మార్చారు. గడియారం పదీ పది చూపిస్తోంది. పై అంతస్తు నుంచి ఎవరో ఏడవడం, చక్రాల మంచం దొర్లడం వినిపిస్తున్నాయి. మెట్ల మీద మాత్రం ఎవరూ దిగట్లేదు.

అప్పుడు పిలిచింది, కౌంటర్ దగ్గర కూర్చున్న కరీమున్ మేడమ్. "ప్రసన్నకుమార్ వాళ్లూ! పాత చీటీ ఉందా? ఫైలు తియ్యాలి."

చీటీ స్తుతి సంచిలో ఉంది. నేను చెయ్యి చాపాను. "ఇటివ్వమ్మా, నేను చూసుకుంటా. నువ్వు నాన్న దగ్గరుండు."

"నువ్వుండు మావయ్యా. నీకు ఇంగ్లీషు ఫారాలు ఎక్కడర్థమవుతాయి" అని నవ్వీ నవ్వనట్టు అని వెళ్లిపోయింది.

నేనక్కడే నిలబడిపోయాను. ఎనిమిది వారాల నుంచీ ఇదంతా మీకు చెప్తున్నాను కానీ, ఒక్క సంగతి మీ దగ్గర కూడా దాచాను. అది ఆ కౌంటర్ మీది పుస్తకంలో ఉందని నాకు తెలుసు.

కరీమున్ మేడమ్ వేలు తడుపుకోబోయి, మాస్కు అడ్డొచ్చి, ఊరికే పేజీలు తిప్పింది. "ఆఁ, దొరికాడు. మొదటి తారీఖు మార్చి ఇరవై ఏడు, రద్దు. రెండోది ఆగస్టు పద్నాలుగు, రద్దు. మూడోది ఈ ఏడు మార్చి పదహారు…"

"మూడోది లేదండీ" అంది స్తుతి. "రెండే."

"ఉందమ్మా. ఫిబ్రవరి నుంచి కేసులు తగ్గినయ్ కదా, ఆగినవాళ్లందర్నీ వరసగా పిలిచాం. నేనే ఫోన్ చేశా. ఇదిగో, నా చేతిరాతే. 'ఊళ్లో లేరు' అని చెప్పారు. సరేనని మీ తర్వాతి ఆయనకిచ్చాం ఆ తారీఖు."

"మా నాన్న ఊళ్లో లేకపోవడమేంటండీ?"

"నాకేం తెలుసమ్మా, వాళ్లేం చెప్తే అది రాశా."

"ఏ నంబరుకి చేశారండీ?"

మేడమ్ ఒక్కో అంకె చదువుతోంది. సగం కూడా చదవకుండానే స్తుతి తల తిప్పి నా వంక చూసింది. మిగతా సగం దానికి కంఠతా వచ్చు. దాని పదో తరగతి హాల్ టికెట్ ఫారమ్ మీద రాసింది ఆ నంబరే. వాళ్ల రేషన్ కార్డుకీ, గ్యాసుకీ ఇచ్చింది ఆ నంబరే. హమాలీలు పనిలోకి దిగితే ఫోన్లన్నీ ఒక సంచిలో వేసి కొట్టు గోడకి తగిలిస్తారు. చెమటకీ, కాయ దుమ్ముకీ ఆగవవి. మేస్త్రి ఫోను ఒక్కటే పొద్దస్తమానం మోగుతూ ఉంటుంది, కమీషన్ కొట్ల వాళ్లు పిలవాలి కదా. అందుకని మా ముఠా ఎనిమిది ఇళ్లలో ఎవరు ఏ కాగితం నింపినా మేస్త్రి నంబరే రాస్తారు. 'మేస్త్రి జకరయ్య అయితే తప్పకుండా ఎత్తుతాడు' అంటారు నా గురించి.

ఎత్తాను. ఎత్తకపోయినా బాగుండేది.

స్తుతి కౌంటర్ దగ్గర్నుంచి నా దాకా నడిచొచ్చింది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు తేలికయ్యేది.

"మావయ్యా, మార్చిలో మా నాన్న ఏ ఊరెళ్లాడు?"

"అమ్మా, బయటికి పద. ఇక్కడ కాదు."

"ఇక్కడే చెప్పు. ఏ ఊరెళ్లాడు? వినుకొండా? మంగళగిరా? మాకు చెప్పకుండా ఎక్కడికెళ్లాడో, నీకొక్కడికే చెప్పి?"

"సీజనమ్మా అది. మార్చంటే నీకు తెలియందేముంది, లారీ మీద లారీ. ఎనిమిదిమందుంటేనే ముఠా అంటారు. ఏడుగురైతే కొట్టు ఇంకో ముఠాకి పోద్ది. ఆపరేషన్ చేస్తే మూడు నెలలు బరువెత్తకూడదన్నారు. సీజనే మూడు నెలలాయె. మీ నాన్న స్థానంలో కొత్తవాణ్ణి పెట్టుకుంటే, తిరిగొచ్చేటప్పటికి మీ నాన్నకే చోటుండదు. మీ ఇంటి గురించి కూడా ఆలోచించే…"

"మా ఇంటి గురించి."

"అవునమ్మా."

"మా ఇల్లు నీకు గుర్తొచ్చిందన్నమాట. అడగడం మాత్రం గుర్తు రాలేదు. నాన్నని ఒక్కమాట అడిగితే ఏం పోయేది? 'ఒరేయ్, తారీఖొచ్చింది, పోతావా ఉంటావా' అంటే?"

"అడిగితే పోయేవాడు కదే" అన్నాను. నోరు జారిన తర్వాత గానీ నేనేమన్నానో నాకు వినపడలేదు.

పక్కన ఒక ముసలాయన మా మాటలు వింటూ, మేము చూసేసరికి గోడ మీద చేతులు కడుక్కునే బొమ్మ చదవడం మొదలుపెట్టాడు.

"మే నెలలో చేయిద్దామనుకున్నానమ్మా" అన్నాను. "యార్డుకి ఎండాకాలం సెలవులిస్తారు కదా, అప్పుడు తీరిగ్గా. జబ్బు పోయిందన్నారు అందరూ. మాస్కులు తీసేశాం. నువ్వూ తీసేశావు. ఇది మళ్లీ వస్తదని ఎవరనుకున్నారు?"

"సెలవులిచ్చారుగా మరి."

ఇచ్చారు. మేము అనుకున్నదానికంటే ముందే, జబ్బు భయానికి యార్డు మూసేశారు. ఏ కొట్టు పోతుందని నేను అబద్ధమాడానో ఆ కొట్టుకి తాళమేశారు. అంతటితోనైనా ఊరుకోవచ్చు కదా. షావుకారు మిగిలిన సరుకు కోల్డ్ స్టోరేజీకి తోలాలి, మనుషుల్ని తీసుకురా అంటే, నిన్నటికి నిన్న బావని తీసుకెళ్లింది కూడా నేనే. చలిగదిలో నూట ఎనభై టిక్కీలు మెట్లెక్కించాం. పొద్దున్నకి ఇది.

"మార్చి పదహారున ఏం జరిగిందో నీకు గుర్తుందా మావయ్యా?" అంది స్తుతి.

గుర్తుంది. ఆ రోజు రెండు లారీలు ఎత్తాం. బావ మూడుసార్లు బస్తాల వెనక్కి పోయాడు. మూడోసారి వచ్చినప్పుడు, 'నువ్వివాళ కాటా దగ్గర కూర్చోరా, మేం చూసుకుంటాం' అన్నాను. పెద్ద దయ చూపించినట్టు. సాయంత్రం వాడికి టీ కూడా ఇప్పించాను.

"నాకు గుర్తుంది" అంది స్తుతి. "ఆ రోజు నాన్న ఇంటికొచ్చి అన్నం తినేటప్పుడు అమ్మతో అన్నాడు, మీ అన్న ఇవాళ నన్ను కూర్చోబెట్టాడే, మంచోడే అని."

నేను స్ట్రెచర్ వైపు చూశాను.

"నాన్నకి చెప్పు."

"ఇప్పుడా? కొయ్యబోయే మనిషికి?"

"ఇప్పుడే. మత్తిచ్చేలోపే. పొద్దున ఆటోలో ఏమన్నాడో నువ్వు వినలా. మావయ్య బయటుంటాడు, నాకేం భయం లేదమ్మా అన్నాడు. ఎవర్ని నమ్ముకుని లోపలికి పోతున్నాడో ఆయనకి తెలియొద్దా? నువ్వు చెప్తావా, నేను చెప్పనా?"

అప్పుడే మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. మత్తు డాక్టరు దిగాడు. తల తడిగానే ఉంది, ముక్కు మీద మాస్కు గాడి ఎర్రగా పడి ఉంది. ఆయన ఎవరి వంకా చూడకుండా గోడ గడియారం వంక చూసి, "ఎప్పట్నుంచి ఉన్నాడు ఈయన?" అన్నాడు. గడియారంలో పన్నెండుంబావు. స్ట్రెచర్ కదిలింది.

వరండా చివరి నుంచి థియేటర్ తలుపు దాకా ముప్పై అడుగులుంటుంది. స్తుతి తండ్రి నుదురు మీద చెయ్యి పెట్టి, ప్రార్థనో ఏమో పెదాలు కదిపి, వెనక్కి తగ్గింది. నన్ను ముందుకి తోసినంత పని చేసింది ఆ తగ్గడంతో.

స్ట్రెచర్ కమ్మీ పట్టుకుని పక్కనే నడిచాను. బావ మొహం బూడిద రంగులోకి తిరిగింది. పెదాలు ఎండిపోయాయి.

"ప్రసన్నా, నీకొక మాట చెప్పాలిరా."

"ఊఁ."

"మార్చిలో… ఆసుపత్రి వాళ్లు…"

"ఫోన్ చేశారు" అన్నాడు.

చక్రం ఒకటి కిరకిరమంటోంది.

"అయూబ్ చెప్పాడులే బావా. ఆ రోజే. నువ్వు కాటా దగ్గర నిలబడి మాట్లాడుతుంటే వెనకాలే ఉన్నాడంట. పోదాం పదరా, నేను తీసుకెళ్తా అన్నాడు. నేనే వద్దన్నా."

"ఎందుకొద్దన్నావురా?"

"నువ్వు చెప్తావని." నొప్పి వచ్చి కళ్లు మూసుకున్నాడు. మళ్లీ తెరిచాడు. "రేపు చెప్తాడులే, ఎల్లుండి చెప్తాడులే అనుకున్నా. పదహారు దాటిపోయింది. పోనీ ఆ తర్వాతైనా చెప్తావనుకున్నా. టిక్కీ ఎత్తుకునేటప్పుడల్లా నీ మొహం వంకే చూసేవాణ్ణి. నువ్వు లెక్క పెట్టుకుంటా ఉండేవాడివి."

"అడగొచ్చు కదరా! నా చొక్కా పట్టుకుని అడగొచ్చు కదా!"

"అడిగితే ఎవడైనా చెప్తాడు."

తలుపు దగ్గరికొచ్చాం. నర్సు నా చెయ్యి కమ్మీ మీంచి తీసేసింది. బావ తల కొంచెం నా వైపు తిప్పాడు. ఇంకేదో అంటాడని వంగాను. తిడతాడని ఆశపడ్డాను, నిజంగా.

"కరుణకి చెప్పమాక" అన్నాడు. "జ్వరంతో ఉంది. తట్టుకోలేదు."

తలుపు మూసుకుంది.

వెనక్కొచ్చి బల్ల మీద కూర్చున్నాను. స్తుతి ఈ చివర, నేను ఆ చివర. మధ్యలో ఇద్దరు కూర్చునేంత చోటు. కూర్చోకూడదని దాని మీద రంగుతో అడ్డగీతలు కొట్టారు. డాక్టరమ్మ ముందే చెప్పింది, పేగు బాగుంటే గంట, పాడైన ముక్క కొయ్యాల్సి వస్తే రెండు గంటల పైన అని. ఎంత ఆలస్యమైతే అంత చెడ్డదన్నమాట. ఆలస్యం ఎవరిదో మాత్రం ఆమె చెప్పలేదు.

"చెప్పావా?" అంది స్తుతి.

"చెప్పబోయాను."

"అంటే?"

"మీ నాన్నకి తెలుసు. మార్చిలోనే తెలుసు. నేనే చెప్తానని చూస్తా ఉన్నాడంట."

అది నా వంక చూడలేదు. చేతిలోని పాత చీటీని నాలుగు మడతలు పెట్టింది, విప్పింది, మళ్లీ మడిచింది.

"తెలిసి కూడా ఎత్తాడా అవన్నీ?" అంది చివరికి. అడిగింది నన్ను కాదు. నేను జవాబు చెప్పడానికి నోరు తెరిచాను కూడా.

అయూబ్ గేటు దగ్గర్నుంచి వచ్చి మూలన నిలబడ్డాడు. చేతిలో రెండు కొబ్బరిబోండాలున్నాయి. ఒకటి స్తుతికిచ్చాడు. రెండోది నాకివ్వలేదు, బల్ల మీద పెట్టాడు. ఇన్నాళ్లూ నా వెనక వరసలో నిలబడి నడిచిన మనిషి. నెలన్నర నుంచీ నాతో కలిసి అన్నం తినడం ఎందుకు మానేశాడో నాకప్పుడర్థమైంది. రంజాను కాబట్టనుకున్నాను. రంజాను వచ్చి రెండు వారాలే అయింది.

పన్నెండూ నలభై. థియేటర్ తలుపు తెరుచుకుంది.

గంట పడుతుందన్నారు. అరగంట కూడా కాలేదు. డాక్టరమ్మ శ్రీరమ్య బయటికొచ్చింది, మాస్కు గడ్డం కిందికి లాక్కుంటూ. పొద్దున్నించి మొదటిసారి ఆమె మొహం మొత్తం చూశాను. చేతులకి తొడుగులు అలాగే ఉన్నాయి. వాటి మీద ఒక్క నెత్తురు చుక్క లేదు. అంటే ఇంకా కత్తి పెట్టనే లేదు, అంతకు ముందే ఏదో అయింది.

"ప్రసన్నకుమార్ తాలూకు ఎవరు?"

అలవాటు కొద్దీ నేను లేవబోయాను. మా పేటలో ఎవరి పేరు పిలిచినా లేచేది నేనే.

స్తుతి నా భుజం మీద చెయ్యి వేసి నన్ను మళ్లీ కూర్చోబెట్టింది. చీటీ ముక్క నా ఒళ్లో పడేసింది.

"నేనండీ" అంది, తలుపు వైపు నడుస్తూ. "నేనొక్కదాన్నే."